లాభం ఎలా తేలుతుంది? బందరు రేవు నుంచి బ్యాంకు పద్దుల దాకా
(భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి స్మారకోపన్యాసం)



పట్టాభి సీతారామయ్యగారిని దేశం కాంగ్రెసు చరిత్రకారుడిగా, 1948లో ఆ సంస్థ అధ్యక్షుడిగా గుర్తుపెట్టుకుంది. కృష్ణా జిల్లా ఆయనను మరో పనికి కూడా గుర్తుపెట్టుకోవాలి. వృత్తిరీత్యా వైద్యులైన ఆయన 1923 నవంబరు 20న ఈ బందరులో ఆంధ్రా బ్యాంకును నమోదు చేయించారు. అదే నెల 28న బ్యాంకు వ్యాపారం మొదలైంది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. వాటా కొన్నవారూ డిపాజిట్ వేసినవారూ తమ సొమ్మును ఇతరుల చేతిలో పెట్టారు. అలా పెట్టిన ప్రతివారికీ ఒక ప్రశ్న ఉంటుంది: నా సొమ్ముతో ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎంత పోయింది? దానికి కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే జవాబే లాభనష్టాల ఖాతా. గల్లాపెట్టె తెరిచి లెక్కపెడితే లాభం కనబడదు. కొన్ని నియమాల మీద ఆధారపడి చేసే నిర్ణయం అది. ఆ నియమాల్లో ముఖ్యమైనవి, సొమ్ము ఇచ్చినవారు లెక్క అడిగినందువల్లా, అడగక నష్టపోయినందువల్లా ఏర్పడ్డాయి. కాబట్టి ఆ ఖాతాను చదవడం నేర్చుకోవడం సొమ్ము ఇచ్చినవారి బాధ్యత. నేను మనవి చేయదలచింది ఇదే.

ఈ చరిత్రకు మొదటి సాక్ష్యం మన రేవులోనే ఉంది. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి వచ్చింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అప్పట్లో ఒక్కో యాత్రకు విడిగా పెట్టుబడి పోగుచేసేది. గ్లోబ్ ఏడో యాత్ర. ఇక్కడ అద్దకం బట్టలు కొని, బాంటమ్, పటాని, సయాం వైపు వెళ్లి, మళ్లీ బందరు మీదుగా 1615లో గాని ఇంగ్లండు చేరలేదు. నాలుగేళ్ల పాటు ఆ యాత్రకు లాభమో నష్టమో చెప్పగలవారు లేరు. ఓడ తిరిగొచ్చి, సరుకు అమ్ముడై, మిగిలింది పంచుకుంటేనే పద్దు ముగిసినట్టు. ఒక ఓడకూ ఒక యాత్రకూ ఆ పద్ధతి సరిపోతుంది. కానీ రేవులో గిడ్డంగి, గుమాస్తాలు, నేతగాళ్లకు ఇచ్చిన బయానాలు ఏ యాత్రకు చెందుతాయి? యాత్రకొక పెట్టుబడి, యాత్రకొక ఏజెంటు ఉన్నప్పుడు ఈ తగాదా తప్పదు. 1613 నుంచి ఉమ్మడి పెట్టుబడి, 1657 నుంచి శాశ్వత పెట్టుబడి వచ్చాయి. ఎన్నడూ ముగియని వ్యాపారానికి లెక్క ఎప్పుడు ముగించాలి? కాలాన్ని ముక్కలుగా కోసి, ఏ ముక్క లాభం ఆ ముక్కకు తేల్చక తప్పని పరిస్థితి అప్పుడే పుట్టింది. బందరులో అంతకుముందే స్థిరపడిన డచ్చి కంపెనీ కథ ఇంకా స్పష్టం. 1602 నాటి దాని చార్టరు పదేళ్లకు ఒకసారి వాటాదారులకు సమగ్రమైన లెక్క చూపాలన్నది. 1612లో ఆ లెక్క రాలేదు. 1620ల్లో వాటాదారులు కరపత్రాలు అచ్చువేసి మరీ డైరెక్టర్లను నిలదీశారు. తన సొమ్ము లెక్క అడగడం హక్కు అన్న వాదన అలా బజారుకెక్కింది.

కాలాన్ని కోస్తే వచ్చే చిక్కులేమిటో గుడివాడ ప్రాంతపు రైస్ మిల్లు ఒకదాన్ని ఊహించుకుని చూద్దాం. అంకెలు నేను కల్పించినవి, తర్కం మాత్రం అసలుది. మిల్లు కొత్తగా మొదలైంది. ఏడాదిలో 80 లక్షల ధాన్యం కొన్నది. కూలి, కరెంటు, హమాలీ కలిసి 12 లక్షలు. బియ్యం అమ్మకాలు 90 లక్షలు, అందులో 30 లక్షలు అరువు. 20 లక్షలతో యంత్రం కొన్నది. రొక్కం చూస్తే చేతికొచ్చింది 60, చేతినుంచి పోయింది 112. అంటే 52 లక్షలు లోటు. అయితే మార్చి 31 నాటికి గోదాములో 15 లక్షల సరుకు నిల్వ ఉంది. అది ఈ ఏడాది ఖర్చు కాదు, వచ్చే ఏడాది అమ్మకానికి చెందిన ఖర్చు. యంత్రం పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఈ ఏడాది తరుగుదల 2 లక్షలే. అరువు అమ్మకమైనా సరుకు చేయి దాటింది కనుక ఆదాయమే. ఇప్పుడు లెక్క కడితే 11 లక్షల లాభం. నిల్వ సరుకుకు 15 బదులు 20 లక్షలు విలువ కడితే ఒక్క బస్తా అదనంగా అమ్మకుండానే లాభం 16 అవుతుంది. అందుకే కొన్న ధర, అమ్మితే వచ్చే ధర రెంటిలో ఏది తక్కువైతే అది వేయాలన్న నియమం. పెంచి వేసిన ఆ 5 లక్షలు ఊరికే పోవు. ఈ ఏటి ముగింపు నిల్వే వచ్చే ఏటి ప్రారంభ నిల్వ కనుక, అంతే మేర మరుసటి ఏడు లాభాన్ని తినేస్తుంది. దాన్ని కప్పిపుచ్చాలంటే మరింత పెంచాలి. అబద్ధపు పద్దు ఒక్క ఏడాదితో ఆగకపోవడానికి కారణం ఇదే.

చట్టం ఈ సంగతులను నెమ్మదిగా పట్టుకుంది. ఆంధ్రా బ్యాంకు పుట్టిన నాటికి అమల్లో ఉన్న 1913 కంపెనీల చట్టం ఏటా ఆడిట్ అయిన ఆస్తి అప్పుల పట్టీని అడిగింది. లాభనష్టాల ఖాతాను కూడా వాటాదారుల సభ ముందు ఉంచాలన్న నిబంధన 1936 సవరణతో వచ్చింది. బ్యాంకులకు ప్రత్యేకమైన నమూనాను 1949 చట్టం ఇచ్చింది: ఒకవైపు వచ్చిన వడ్డీ, ఇతర ఆదాయం, మరోవైపు ఇచ్చిన వడ్డీ, నిర్వహణ ఖర్చు, కేటాయింపులు. అయినా ఒక పెద్ద లొసుగు మిగిలింది. వసూలు కాని వడ్డీ ఆదాయమా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అలాంటి విపత్తులో కోతకొచ్చిన సార్వా పంట పోతుంది, ఇచ్చిన అప్పు మాత్రం పుస్తకంలో ఉంటుంది. క్యాలెండరు ప్రకారం దాని వడ్డీ రోజురోజుకూ పెరుగుతుంది. తిరిగి కట్టే దారిలేని రైతు మీద పెరిగిన వడ్డీని బ్యాంకు ఆదాయంగా రాసుకుంటే ఆ లాభం కాగితం మీదిదే. 1991లో మైదవోలు నరసింహం అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ ఈ లొసుగును పూడ్చింది. బాకీ మొండిదైతే దాని వడ్డీ చేతికందాకే ఆదాయం, అసలుకు కేటాయింపు తప్పనిసరి అన్న నియమాలు ఆ తర్వాత అమల్లోకి వచ్చాయి. 2004 నుంచి మామూలు అప్పులకు 90 రోజుల గడువు. స్వల్పకాలిక పంటల రుణానికైతే రెండు పంటకాలాలు. సేద్యపు ఆదాయం నెలనెలా రాదని నియమమే గుర్తించిందన్నమాట.

ఇంతా విన్నాక ఒక ఆక్షేపణ రావడం సహజం. నిల్వ విలువ, తరుగుదల, కేటాయింపు అన్నీ అంచనాలే అయితే లాభాన్ని నమ్మడమెందుకు, రొక్కం ఒక్కటే చూసుకుంటే చాలదా అని. చాలదు. మన మిల్లుకు 52 లక్షల లోటు నిజమే కాని, అది చూసి మిల్లు మూసేసేవాడు అవివేకి. ధాన్యం కొనకుండా, యంత్రం బాగుచేయకుండా, కూలి బకాయి పెట్టి గల్లా నింపుకున్న మిల్లు మంచి మిల్లూ కాదు. పైగా రొక్కం అబద్ధం ఆడదన్న నమ్మకాన్ని సత్యం కంప్యూటర్స్ వ్యవహారం పటాపంచలు చేసింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లుగా చూపారు, అసలు 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లుగా చూపారు, అసలు 61 కోట్లు. రెండుచోట్లా తేడా సరిగ్గా 588 కోట్లే. లేని అమ్మకానికి జీతం లేదు, కరెంటు లేదు, ఏ ఖర్చూ లేదు. అందుకే అబద్ధపు ఆదాయంలో ప్రతి రూపాయీ నేరుగా లాభంలోకి దిగింది. లాభంలో దిగినది ఎక్కడో ఆస్తిగా కనబడాలి కనుక బ్యాంకు నిల్వగా కనబడింది. జంట పద్దు ధర్మం అది. ఒకచోట రాసిన అసత్యానికి మరోచోట జోడు రాయక తప్పదు, ఆ జోడును వెతికేవాడికి అది దొరికే అవకాశమూ ఉంటుంది.

రెండో ఆక్షేపణ మరింత బలమైనది. ఇదంతా చూడటానికి ఆడిటర్లున్నారు, రిజర్వు బ్యాంకు ఉంది, సామాన్యుడు చదివి ఏం చేస్తాడు? ఆడిటర్ల అవసరాన్ని నేను కాదనను. వారు చూసే వోచర్లు మనకు కనబడవు. కానీ ఆ సత్యం లెక్కల మీద కూడా ఆడిటర్ల సంతకం ఉంది. ఆడిటరు సంతకం సభ్యుడి ప్రశ్నకు తోడు అవుతుందే తప్ప దానికి బదులు కాలేదు. అడగవలసిన ప్రశ్నలకు పెద్ద చదువు అక్కర్లేదు. అమ్మకాల కంటే అరువు బాకీలు వేగంగా పెరుగుతున్నాయా? ఏటేటా లాభం చూపుతున్న సంస్థకు వ్యాపారం నుంచి రొక్కం వస్తోందా? నిల్వ విలువ కట్టే పద్ధతి, తరుగుదల కట్టే పద్ధతి ఈ ఏడు మార్చారా, ఎందుకు మార్చారు? ఈ లాభంలో రోజువారీ వ్యాపారం ఎంత, స్థలమో పొలమో అమ్మితే వచ్చింది ఎంత? మొండి బాకీలకు చేసిన కేటాయింపు చాలినంత ఉందా? ఈ అయిదింటికీ జవాబు వెతికితే లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, నగదు ప్రవాహ పట్టీ మూడింటినీ కలిపి చదివినట్టే.

ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా పట్టాభిగారి పని వెనుక ఉన్న సూత్రం పోలేదు. చిన్నమొత్తాలు కలిస్తేనే పెట్టుబడి, పెట్టుబడి నిలవాలంటే నమ్మకం, నమ్మకం నిలవాలంటే లెక్క. ఈ సభలో సహకార సంఘాల సభ్యులున్నారు, రేపు వాటాలు కొనబోయే విద్యార్థులున్నారు. మీ సంఘం సర్వసభ్య సమావేశంలో వార్షిక లెక్కలు చదవకుండానే ఆమోదించే అలవాటు ఉంటే, ఈ ఏడాది నుంచి మానండి. ముందుగా ప్రతులు అడిగి తీసుకోండి, చదవండి, అర్థం కానిచోట లేచి నిలబడి అడగండి. మన కళాశాలలు కామర్సు విద్యార్థులకే కాక అందరికీ ఒక కంపెనీ లెక్కల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించాలి. పట్టాభిగారి పేరున చేయదగ్గ పనుల్లో ఇంతకంటే ఉపయోగకరమైనది నాకు తోచడం లేదు.