దేవుని కుండ



క్రైస్తవుల యిళ్ళలో పెద్దవాళ్ళు పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికకు చిన్న కార్డొకటి అచ్చు వేయిస్తారు. మీలో చాలామంది చూసేవుంటారు. పైన శిలువ, మధ్యన ఫోటో, దాని కింద ‘ప్రభువునందు నిద్రించినారు’ అన్న మాట, ఆ తర్వాత కొడుకులు, కోడళ్ళు, మనుమలు, మునిమనుమల పేర్లు వరసగా. 2022లో మా ఆయన నాయనమ్మ పోయినప్పుడు మేమూ వేయించాము. ‘గొప్ప భక్తురాలు, ప్రార్థనాపరురాలు’ అని రాయించాడు మా మరిది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ కార్డు చదివించుకుని విన్న మా అత్తగారు, “భక్తి ఆమెది, పస్తు మాది. అది గూడా రాపించాల్సింది” అన్నారు.

నవ్వకండి. నలభై యేళ్ళకు పైగా ఒకే పొయ్యి దగ్గర మెలిగిన కోడలి మాట అది. పోయినవాళ్ళను పొగడడానికి మనకు మాటలు సిద్ధంగా వుంటాయి. వాళ్ళ భక్తిని రోజూ వండి వార్చినవాళ్ళ మాట మాత్రం యెవరూ అడగరు. నేనీ పూట యిద్దరి మాటా చెబుతాను.

మా అత్తవారిది కుందుర్పి. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దాటి యింకా పోవాలి, ఆ అవతల కర్ణాటక. కొండ మీద పాత కోట, కింద ఎర్రనేల. సంతకు పోతే సగం మాటలు కన్నడమే. జిల్లాకంతా యేడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడితే బాగుండును. విత్తనానికి ఆశపెట్టి, చెనక్కాయ ఊడలు దిగే సమయానికి మొహం చాటేస్తుంది. అక్కడ కాపురం చేయడమంటే గింజ గింజ లెక్క చూసుకోవడమే.

అవ్వ పుట్టిల్లు గుత్తి వైపు. 1810లో బళ్ళారిలో మొదలైన లండన్ మిషను తర్వాతి కాలంలో గుత్తిదాకా వచ్చింది. ఆ మిషను బడిలోనే మూడో తరగతి చదివింది. ధాత కరువు గురించి తన అవ్వ చెప్పగా విన్నానని మాకు చెప్పేది. ధాత కరువంటే 1876లో మొదలైన మహా కరువు. మా అవ్వకు పదహారో యేట పెళ్ళయింది. అది 1947. ఆ సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, లండన్ మిషను వారున్న ఐక్య సంఘం, అందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. “దేశానికి స్వాతంత్ర్యము, సంఘానికి ఐక్యత, నాకు అత్త, మూడూ ఒగే యేడు వచ్చినాయి” అనేది అవ్వ. మూడింటిలో దేనికెంత సుఖపడిందో మాత్రం చెప్పేది కాదు!

గుత్తిలో రాతి గుడి, గంట, పాదిరిగారు, పాటల బృందం అన్నీ చూసిన పిల్ల. ఊరి చివర పేటలో అత్తగారి యింటికి వచ్చేసరికి ప్రార్థన యింటి అరుగు మీదే. గంట లేదు. తర్వాత చిన్న గుడి కట్టుకున్నప్పుడు రైలుపట్టా ముక్క వేలాడదీసి దాన్నే కొట్టేవారట. ఉపదేశి రాని ఆదివారం అవ్వే బైబిలు చదివేది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ప్రతి పాటకూ పైన రాగం, తాళం వేసి వుంటుంది చూడండి, మూడో తరగతి చదివిన మనిషి, ఏ రాగమో చెప్పి మరీ యెత్తుకునేది. పేటలో ఉత్తరం చదవాలన్నా, రాయాలన్నా అందరూ ఈమె దగ్గరికే. గుడికి రానివాళ్ళు కూడా.

యిక కుండ సంగతి. పిడికెడు బియ్యం కానుక గురించి మీలో కొందరికి తెలిసే వుంటుంది. పొయ్యి మీదికి యెసరు పెట్టి గింజలు కొలిచేటప్పుడు, ఒక పిడికెడు దేవుని పేర తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం నాడు దాన్ని గుడికి పట్టుకెళితే, అందరివీ కలిపి అమ్మి, ఉపదేశి జీతానికో, గుడి దీపానికో వాడతారు. తెలుగునాట పల్లె సంఘాలు చాలావాటిని నిలబెట్టింది ఆడవాళ్ళ పిడికిళ్ళే. మగవాళ్ళు చందా పుస్తకంలో సంతకాలు పెడతారనుకోండి, అది వేరు.

కుందుర్పిలో బియ్యం పండుగలకే. మిగతా రోజుల్లో ఆ పిడికిలి కొర్రలు, రాగులు, జొన్నలు. లెక్క వేయండి. పిడికిలి 50 గ్రాములనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు, యేడాదికి 36 కిలోలు. గాదె నిండా గింజలున్న యింట్లో యిది కనబడనే కనబడదు. కూలికి పోయి తెచ్చుకున్న గింజల్లోంచి 36 కిలోలంటే, యెనిమిది మంది తినే యింట్లో కొన్ని రోజుల తిండి.

1952 కరువులో రాయలసీమలో ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. అవ్వ చంకన ఒకరిని, చేతిన ఒకరిని పట్టుకుని వరసలో నిలబడ్డదట. ఆ రోజుల్లో యింట్లో పొయ్యి వెలిగేది తక్కువ, కాబట్టి కుండలో పడేదీ తక్కువ. కానీ వెలిగిన పూట పిడికెడు ఆగలేదని అవ్వే గర్వంగా చెప్పేది. అది వింటూ నేను మా అత్తగారి మొహం చూసేదాన్ని. ఆవిడ పొయ్యిలో కట్టె యెగదోసేవారు.

అత్తగారు ఆ యింటికి 1970ల్లో కోడలిగా వచ్చారు. ఒక కరువేడు, ముగ్గురు పిల్లలు చిన్నవాళ్ళు, యింటి మగవాళ్ళు బెంగుళూరు పక్క మట్టి పనికి పోయారు. అప్పుడావిడ పిడికిలి బదులు మూడు వేళ్ళతో చిటికెడు తీసి వేయడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే అవ్వ కుండ యెత్తి చూసి గుర్తుపట్టింది. కోప్పడలేదు. ఆ రాత్రి తన కంచంలో సంగటి ముద్ద సగానికి తగ్గించుకుని, “నా వంతు గింజలు రేపట్నుంచి ముందే ఆ కుండలో ఎయ్యి మే” అన్నదట. కోడలికి తిట్టినా బాగుండేదనిపించింది. అత్త సగం కడుపుతో పొలానికి పోతుంటే తాను కడుపు నిండా యెట్లా తింటుంది? మర్నాటి నుంచి మళ్ళీ పిడికెడే. “ఆమె కంచంలోంచి తీసి దేవునికిచ్చుకుంటే నాకేమి? నా బిడ్డల కంచంలోంచి గూడా తీసె గదా!” అని ఈనాటికీ అంటారు అత్తగారు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. తల్లిగా ఆలోచిస్తే అత్తగారి వైపే వుంటాను. అయితే కుండ కథ అంతటితో అయిపోలేదు. ఆ కుండ ఆదివారం దాకా నిండుగా వున్న వారాలు తక్కువేనట. పక్క పేటలో యెవరో ప్రసవించి మూడు రోజులై పథ్యానికి గింజ లేదంటే, అవ్వ కుండ దించి చాటలోకి వంచేది. వాళ్ళు గుడి మెట్టు యెక్కినవాళ్ళు కారు. “దేవుని సొమ్ము కదమ్మా” అని సంఘపెద్ద ఒకాయన అభ్యంతరం చెబితే, “ఆయప్ప వచ్చే ఆదివారం తీసుకుంటాళ్ళే, దీనికి ఈ పొద్దే కావల్ల” అన్నదట. మళ్ళీ ఆదివారానికి కుండ నింపే బాధ్యత యెవరిది? కోడలిదే! దానం చేసిన చెయ్యొకటి, నింపిన చెయ్యొకటి.

యింకొక సంగతి యింతకంటే బరువైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవం తీసుకున్నవాళ్ళకు లేదు. మన రాష్ట్రంలో 1970లో తయారైన వెనుకబడిన తరగతుల జాబితాలో వాళ్ళను ‘సి’ వర్గంలో చేర్చి ఒక శాతం యిచ్చారు. షెడ్యూల్డు కులాల వాటా 15 శాతం. మా ఆయన పదో తరగతి ముగించి పైచదువు సీటుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, “బైబిలు యింట్లో చదువుకోండి, కాగితంలో మాత్రం పాత పేరు, పాత కులమే రాయించండి, లోకమంతా చేస్తున్నదే” అని తెలిసినవాళ్ళు హితవు చెప్పారు. మామగారు సరేనన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. “ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరా?” అని కూర్చున్నది. పెద్దామె మాట యెవరూ దాటలేకపోయారు. సీటు రాలేదు. మా ఆయన బెంగుళూరులో తాపీ పనికి పోయి, తర్వాత డ్రైవింగు నేర్చుకుని అనంతపురం చేరారు.

అవ్వ చేసింది సరైనదేనా? పేటలోనే పుట్టి, పేటలోని నీళ్ళే తాగి, ఊరి కళ్ళలో యెప్పుడూ అదే కులంగా వున్నవాళ్ళకు, ఆదివారం యెక్కడికి పోతారన్నదాన్ని బట్టి హక్కు మారడమేమిటని నాకనిపిస్తుంది. తప్పు రూలులో వుంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా యివ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. అప్పటికి అవ్వ లేదు. మా ఆయనకు ఆమె మీద కోపముందేమో అని చాలాసార్లు కదిలించి చూశాను. “అవ్వ కదా” అంటారు, అంతే.

కఠినంగా వుండేదనుకోకండి. క్రిస్మస్‌కు మా యింట కేకు లేదు, ఓళిగలే. పూర్ణం రుబ్బుతూ పాట, పాట మధ్యలో కోడళ్ళ మీద యెగతాళి. 2013లో ఒక రోజు నేను పేపరు చదివి వినిపించాను. నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలితగారిని బిషప్పుగా అభిషేకించారని, దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్పు ఆమేనని. మళ్ళీ చదవమన్నది. మూడోసారి కూడా చదివించుకుంది. “మా కర్నూలు పక్క పిల్లేనా?” అని అడిగి, ఉపదేశి రాని ఆదివారాల్లో తాను చదివిన వాక్యాలన్నీ లెక్కపెట్టుకుంటున్నట్టుగా చాలాసేపు కూర్చున్నది.

2020లో లాక్‌డౌను వచ్చి గుళ్ళు మూసేశారు. ఏప్రిల్ 12న ఈస్టరు. తెల్లవారుజామున సమాధుల దగ్గరికి కొవ్వొత్తులతో పోవడం అవ్వకు యేనాడూ తప్పలేదు. దాదాపు తొంభై యేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసినా సరే, చీకట్లోనే తల దువ్వించుకుని గడప మీద కూర్చుని ఆ పండుగ పాటలన్నీ ఒక్కతే పాడింది. యెదురింటి వాకిలి నుంచి ఒక గొంతు కలిసింది, ఆ తర్వాత యింకొకటి. యెవరూ గడప దాటలేదు సుమండీ, నియమం నియమమే.

ఆమె పోయిననాడు కూడా కుండలో సగానికి పైగా గింజలున్నాయి. ఆ కుండనేమి చేయాలని యెవరూ అడగలేదు, అత్తగారిని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. సాయంత్రం పక్క పేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొంగున మూటకట్టి తెచ్చిన రెండు సేర్ల కొర్రలు అరుగు మీద పెట్టి, “మా పెద్దోడు పుట్టినప్పుడు తీసుకున్నాను, తిరిగి యియ్యనే లేదు” అన్నది. ఆ పెద్దోడికి యిప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. అత్తగారు మూట విప్పి, ఆమె యెదుటే కొలిచారు. రెండు సేర్లూ సరిగ్గా వున్నాయి. వాటిని కుండలో పోయలేదు. చాటలో చెరిగి, కుండలో మిగిలిన గింజలు కూడా కలిపి, ఆ రాత్రికి శవం దగ్గర కూర్చోవడానికి వచ్చినవాళ్ళకందరికీ వండి పెట్టారు.