పీఆర్ కార్డు ఉన్నా పాత పాస్‌పోర్టు వాడితే ఏమవుతుంది? శరణార్థుల కథ



ఈరోజు చిన్న పనితో మొదలుపెడదాం. ఇంట్లో పాస్‌పోర్టు ఉంటే ఒకసారి తీయండి. మనమందరం ఫొటో, ఎక్స్‌పైరీ డేట్ చూసి మూసేస్తాం. కానీ మొదట్లోనే మన రాష్ట్రపతి పేరు మీద ఒక విన్నపం ఉంటుంది. ఈ పాస్‌పోర్టు ఉన్న వ్యక్తిని అడ్డు లేకుండా వెళ్లనివ్వండి, అవసరమైతే సాయం చెయ్యండి, రక్షణ ఇవ్వండి అని దాని సారాంశం. అంటే పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టులో స్టాంపు కొట్టించుకునే పుస్తకం మాత్రమే కాదు. "ఈ మనిషి మా మనిషి, బాధ్యత మాది" అని ఒక ప్రభుత్వం మిగతా దేశాలన్నిటికీ రాసిచ్చిన ఉత్తరం.

ఇప్పుడు శరణార్థి సంగతి చూడండి. శరణార్థి అంటే ఇంకో దేశం గడప దగ్గర నిలబడి "నా ప్రభుత్వం నన్ను కాపాడదు, మీరు కాపాడండి" అని అడిగిన మనిషి. అదే మనిషి ఆ ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుంటే? దాంతో సొంత ఊరికి వెళ్లొస్తే? ఈ రెండు మాటలూ పొసగవు కదా అని చట్టం అడుగుతుంది. ఆ ప్రశ్న వల్ల ఏళ్ల తరబడి కట్టుకున్న జీవితం మొత్తం పోవచ్చు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు రూల్ ఎక్కడుందో చూద్దాం. 1951లో జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. ఎవరు శరణార్థి అన్నది అందులో రాశారు. ఆ హోదా ఎప్పుడు ముగుస్తుందో కూడా రాశారు. అది ఆర్టికల్ 1సి. ఆ జాబితాలో మొట్టమొదటి కారణమే ఇది: తన దేశపు రక్షణను తనంతట తాను మళ్లీ కోరుకోవడం. దీన్ని తేల్చడానికి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1979 నాటి తన హ్యాండ్‌బుక్‌లో మూడు ప్రశ్నలు పెట్టింది. ఒకటి, ఆ పని ఇష్టపూర్వకంగా చేశాడా? రెండు, ఆ దేశపు రక్షణ కావాలనే ఉద్దేశంతో చేశాడా? మూడు, ఆ రక్షణ నిజంగా దొరికిందా?

మూడిటికీ అవును అంటేనే హోదా పోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ చిక్కు ఎక్కడుందంటే, శరణార్థి తన దేశపు పాస్‌పోర్టు తీసుకున్నా, రెన్యూ చేసుకున్నా, "రక్షణ కోరుకున్నాడు" అనే ముందుగా అనుకుంటారు. కాదని చూపించాల్సిన బాధ్యత ఆ మనిషిదే. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ వాల్యూ 'ట్రూ' అని పెట్టేశారు. దాన్ని మార్చాలంటే ఆధారాలు మీరే తేవాలి.

ఇది నేల మీద ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కెనడా చూడాలి. మనవాళ్లు చాలామంది ఉన్న దేశం కాబట్టి త్వరగా అర్థమవుతుంది.

టొరంటోలో ఒక ఆఫీసు అనుకోండి. పక్కపక్క సీట్లలో ఇద్దరు. ఇద్దరూ నేను ఉదాహరణ కోసం కల్పించిన మనుషులే. ఒకతను గుంటూరు నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పీఆర్ తెచ్చుకున్నాడు. పక్క సీటు అమ్మాయి జాఫ్నా నుంచి వచ్చిన తమిళ శరణార్థి, తర్వాత ఆమెకూ పీఆర్ వచ్చింది. కార్డులు ఒకేలా ఉంటాయి. జీతం ఒకటే, ట్యాక్స్ ఒకటే. మనవాడు సంక్రాంతికి ఇండియన్ పాస్‌పోర్టుతో ఇంటికొచ్చి, అరిసెలు ప్యాక్ చేసుకుని తిరిగి వెళ్తాడు. ఏమీ కాదు. ఆ అమ్మాయి వాళ్లమ్మకి బాలేదని శ్రీలంక పాస్‌పోర్టు రెన్యూ చేసి రెండు వారాలు వెళ్లొస్తుంది. తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో కార్డు చూపిస్తే లోపలికి రానిస్తారు. అంతా మామూలే అనుకుంటుంది.

అక్కడే ఉంది ప్రమాదం. కొన్నేళ్ల తర్వాత ఆమె సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తుంది. ఏ తేదీల్లో కెనడా బయట ఉన్నారో ఆ ఫారంలో రాయాలి. పాస్‌పోర్టు కాపీలు జతచేయాలి. అంటే తన ప్రయాణాల చిట్టా తనే అప్పజెప్తుంది. అది చూసిన అధికారులు "ఈమె శరణార్థి హోదా ముగించండి" అని ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు ముందు కేసు వేయొచ్చు. దీన్నే సెస్సేషన్ అంటారు. ఇన్నేళ్లలోపే వేయాలనే గడువు చట్టంలో లేదు.

2012కి ముందు ఇలా శరణార్థి హోదా పోయినా పీఆర్ నిలిచేది. 2012 డిసెంబరులో చట్టం మారింది. ఇప్పుడు ఈ కారణంతో హోదా పోతే అదే క్షణంలో పీఆర్ కూడా పోతుంది. బోర్డులో అప్పీల్ లేదు, ఫెడరల్ కోర్టు తలుపు తట్టడమొక్కటే దారి. మానవతా కారణాలతో అర్జీ పెట్టుకోవడానికి కూడా సాధారణంగా ఏడాది ఆగాలి. ఆ ఏడాదిలోపే దేశం నుంచి పంపించేయొచ్చు. ఇల్లు కొనుక్కున్నా, పిల్లలు అక్కడే బడికి వెళ్తున్నా, వాటి బరువు ఈ విచారణలో చాలా తక్కువ.

"అసలు వాళ్లు వెళ్లారంటేనే భయం లేదనేగా అర్థం?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పండగలకీ, బిజినెస్ పనులకీ పదేపదే వెళ్లొచ్చేవాళ్ల విషయంలో ఆ అనుమానం సబబే. కానీ భయం లేక వెళ్లడం వేరు, భయం ఉన్నా వెళ్లక తప్పకపోవడం వేరు. ముసలి తల్లిదండ్రుల్నో, జబ్బుపడ్డ తల్లిదండ్రుల్నో చూడ్డానికి వెళ్లడాన్నీ, సెలవులకని తరచూ వెళ్లడాన్నీ ఒకే గాటన కట్టకూడదని నేను చెప్పిన ఆ హ్యాండ్‌బుక్కే అంటుంది.

కెనడాలో 2022లో ఈ విషయం మీద ముఖ్యమైన తీర్పు వచ్చింది. కొలంబియా నుంచి చిన్నపిల్లగా తల్లితో వచ్చి శరణు పొందిన ఒక యువతి, పెద్దయ్యాక కొలంబియా పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్లింది. అక్కడున్నప్పుడు రక్షణ కోసం ప్రైవేటు సెక్యూరిటీ గార్డులను పెట్టుకుంది. ఆలోచించండి, ప్రభుత్వం మీద నమ్మకం ఉన్నవాళ్లు సొంత డబ్బుతో గార్డులను పెట్టుకుంటారా? బోర్డు ఆమె హోదా తీసేసింది. కింది కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ కూడా దాన్నే సమర్థించింది. స్టాంపు ఒక్కటే చూస్తే చాలదని చెప్పింది. ఈ పని చేస్తే హోదా పోతుందని ఆమెకి నిజంగా తెలుసా? ఎందుకు వెళ్లింది? భయం ప్రభుత్వం నుంచా, వేరే గ్రూపు నుంచా? అక్కడ జాగ్రత్తలు తీసుకుందా? ఇలాంటివన్నీ తూచాలంది. మంచి తీర్పు. కానీ ఇది కవచం కాదు, కేసు వచ్చాక వాదించుకోవడానికి ఒక ఆధారం మాత్రమే.

మరి శరణార్థులు ప్రయాణమే చేయకూడదా? చేయొచ్చు. 1951 ఒప్పందం ఆర్టికల్ 28 ప్రకారం ఆశ్రయమిచ్చిన దేశమే వాళ్లకి ట్రావెల్ డాక్యుమెంట్ ఇస్తుంది. అట్ట మీద ఒక మూలన రెండు అడ్డగీతలుంటాయి. వదిలొచ్చిన దేశానికి తప్ప మిగతా దేశాలకి దాంతో వెళ్లొచ్చు, వీసా రావడం మాత్రం ఒక్కోచోట కష్టమే. అందుకే చాలా కుటుంబాలు మూడో దేశంలో కలుసుకుంటాయి. గుర్తుపెట్టుకోండి, మూడో దేశానికి వెళ్లినా పాత పాస్‌పోర్టు వాడితే ప్రశ్న రావచ్చు. కాన్సులేట్ నుంచి బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్ లాంటివి తెచ్చుకోవడం మాత్రం పాస్‌పోర్టు తీసుకోవడంతో సమానం కాదు. ఇదీ ఆ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది.

మీ కొలీగ్ ఎవరైనా ఈ పరిస్థితిలో ఉంటే మూడు మాటలు చెప్పండి. టికెట్ బుక్ చేసే ముందు, పాస్‌పోర్టు రెన్యూవల్ ఫారం నింపే ముందు, ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. వెళ్లక తప్పదంటే హాస్పిటల్ కాగితాలు, అక్కడ తీసుకున్న జాగ్రత్తల ఆధారాలు అన్నీ దాచమనండి. ఐదేళ్లలో 1,095 రోజులు కెనడాలో పూర్తయి, మిగతా అర్హతలు కూడా ఉంటే సిటిజన్‌షిప్ వాయిదా వేయొద్దనండి. సిటిజన్ అయ్యాక ఈ సెస్సేషన్ కత్తి తలమీద ఉండదు. కానీ ఇప్పటికే పాత పాస్‌పోర్టు వాడి ఉంటే, ఆ అప్లికేషన్‌కి ముందు కూడా లాయరే.

మనవాళ్లకి ఒక మాట. కెనడాలో స్టడీ పర్మిట్ అయిపోతుంటే "శరణు అప్లై చేసెయ్, వర్క్ పర్మిట్ వస్తుంది" అని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. అది వీసా ఎక్స్‌టెన్షన్ కాదు. అక్కడ సంతకం పెట్టడమంటే "ఇండియాలో నాకు ప్రాణభయం, నా దేశం నన్ను కాపాడదు" అని రాసివ్వడం. అది అబద్ధమైతే అబద్ధానికి వేరే శిక్ష ఉంది. హోదా వచ్చినా, చెల్లి పెళ్లికి ఇండియన్ పాస్‌పోర్టుతో రావడం ఇక మామూలు ప్రయాణం కాదు. పైగా నిజంగా ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ల లైను మన వల్ల ఇంకా పొడుగవుతుంది.

ఈ రూల్ వెనక లాజిక్ ఉంది, నేను కాదనను. నా అభ్యంతరం ఒక్కటే. 'పర్మనెంట్' అని పేరు పెట్టి కార్డు చేతికిచ్చే రోజునే, ఏం చేస్తే ఇది పోతుందో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అమ్మ చివరిచూపు కోసం వెళ్లినవాళ్లు నమ్మింది అమ్మని, ఆ ప్రభుత్వాన్ని కాదు. ఆ తేడా అడిగి తెలుసుకోకుండా హోదా తీసేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. మీరేమంటారో కామెంట్స్‌లో చెప్పండి. కెనడాలో ఉన్న మీ ఫ్రెండ్స్‌కి ఈ ఎపిసోడ్ పంపండి, వాళ్ల పక్క సీట్లో ఎవరున్నారో మనకి తెలియదు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.