డ్యూటీ చేసే ఒళ్లు, ట్రయథ్లాన్ తయారీ
(దుబాయ్ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



"అన్నా, ఆ ఈత, సైకిల్, పరుగు పోటీకి మనలాంటోళ్లు పోవచ్చా?" అని కొందరు తమ్ముళ్లు అడిగిన్రు. పోవచ్చు. కానీ ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ల కోసం రాసిన ట్రైనింగ్ చార్టును ఉన్నదున్నట్టు పట్టుకుంటే మన ఒళ్లు చెడుతుంది.

ముందు దూరాలు చెప్తా. పూర్తి ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ ఒకే రోజు. 1978లో హవాయిలో మొదలైంది. 70.3 అనేది అందులో సగం. దాని ఫీజే వెయ్యి దిర్హాములు దాటుతుంది. ఇంటికి పంపే పైసల్లో కోత పెట్టి కట్టకండి. మొదటిసారికి స్ప్రింట్ చాలు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. దానికి నాలుగు నెలలు, సగం దూరానికి ఆపైన ఇంకో ఏడాది పెట్టుకోండి.

పొద్దంతా స్కాఫోల్డింగ్ ఎక్కి దిగినవాడు ఆ రోజు వ్యాయామం చేసినట్టే లెక్క. చార్టులో వారానికి పది గంటలుంటే మనకు నాలుగైదు చాలు. (డ్రైవర్ తమ్ముళ్ల సంగతి వేరు, వాళ్లది కూర్చునే పని.) రెండు రోజులు అరగంట పరుగు, ఒక రోజు ఈత, సెలవు రోజు సైకిల్. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగమే పెట్టుకోండి. సైకిల్ దిగంగనే పది నిమిషాలు పరుగెత్తి చూడండి, కాళ్లు కర్రల్లా ఉంటయి. దానికీ అలవాటు కావాలి. సైకిల్‌కు అల్ ఖుద్రా, నాద్ అల్ షేబా ట్రాకులున్నయి. క్యాంపు ముందరి హైవే వద్దు, హెల్మెట్ మరవొద్దు.

మనలో చాలామంది బావిలో ఈత నేర్చినోళ్లే. తల పైకెత్తి ఈదడం బావికి సరిపోతుంది గానీ, సముద్రంలో మెడ, నడుము తొందరగా అలసిపోతయి. ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలాలి, పక్కకు తిప్పి పీల్చాలి. లైఫ్‌గార్డు ఉన్నచోటే దిగండి, ఒక్కరే దిగకండి.

ఇక ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడి రూలు. సర్కారే ఆపమన్న ఎండలో మనం పరుగెత్తుడేంది? రాత్రిపూట కూడా గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎవరికైనా మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా వెంటనే ఆపించి, నీడకు చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ 998కి ఫోన్ చేయండి. అది వడదెబ్బ, ప్రాణం మీదికొస్తది.

గంటల తరబడి చెమటోడుస్తూ దాహాన్ని మించి ఉట్టి నీళ్లే తాగినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి మనిషి స్పృహ తప్పొచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలుపుకోండి.

తిండికి పొడుల డబ్బాలు కొననక్కర్లేదు. అన్నం మానొద్దు, పప్పు, గుడ్డు, పెరుగు తినండి. గంట దాటే సైకిల్‌కు, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. రెండు అరటిపళ్లతో సుమారుగా అది సరిపోతుంది. పోటీ రోజున కొత్తది ఏదీ తినకండి.

అన్నిటికన్నా కష్టం నిద్ర. ఎనిమిది మంది రూములో ఒకరి అలారం నాలుగింటికి, ఒకరి వీడియో కాల్ పన్నెండింటికి. అయినా చెప్తున్నా, ఆరు గంటలు పడుకోని రోజు పరుగు మానేయండి. ఓవర్‌టైం చేసి ఎనర్జీ డ్రింకుతో పరుగెత్తడం గుండెతో ఆటలాడటమే. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఛాతీలో పట్టేసినట్టు అనిపించేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

నవంబరులో షేక్ జాయెద్ రోడ్డు మీద జరిగే దుబాయ్ రన్‌కు ఫీజు లేదు. 5 కిలోమీటర్ల పరుగులో అందరం కలిసి పోదాం. వచ్చేవాళ్లు టీ దగ్గర నాకు పేరు చెప్పండి. బీపీ మిషన్ అక్కడే టేబుల్ మీద పెట్టినం, చూపించుకొని పోండి.