పికప్ బండి పగటి దీపములు: ఆర్పదలచిన రైతులకు కొన్ని సూచనలు

(పాతబస్తీ మండీలకు కూరగాయలు తెచ్చు రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువానికి మోటారు బండి దీపములతో పని యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. పైరు పండినంత మాత్రమున రైతు చేతికి డబ్బు రాదు. కోసిన ఆకుకూర వాడక మునుపే మండీ చేరవలెను. మహేశ్వరము, కందుకూరు వైపు వారు పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగను, శంషాబాదు, షాద్‌నగరు వైపు వారు ఆరాంఘర్ మీదుగను, ఇబ్రహీంపట్నము, యాచారము వైపు వారు సైదాబాదు మీదుగను మీరాలం మండికి, మాదన్నపేట బజారుకు సరకు తెచ్చుచున్నారు. ఈ ప్రయాణము పెక్కుమారులు తెల్లవారుజామున, చీకటి వెలుగులు కలిసిన వేళ జరుగును. సరకుతోపాటు మనిషియు క్షేమముగా చేరుటయే అసలైన లాభము. కావున దీపముల సంగతి వ్యవసాయదారుని సంగతియే.

పూర్వము ఎడ్లబండి ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడదీసి సంతకు పోవువారు. ఆ లాంతరు బండివానికి దారి చూపుటకు చాలదు. “ఇచట బండి కలదు” అని ఇతరులకు తెలుపుటకే అది ఉపయోగపడును. నేటి పికప్ బండ్లలో కొన్నింటికి ముందు భాగమున ఇంజను తిరుగుచున్నంతసేపు తమంతట తామే వెలుగు పగటి దీపములు కలవు. వీని పనియు ఆ లాంతరు పని వంటిదే. ఇవి దారి చూపుటకు కాదు, ఎదుటివానికి మన రాక తెలుపుటకు ఏర్పడినవి.

సూర్యుడు ఆకాశమున క్రిందుగా ఉండి, పగలు కూడ మసకగా నుండు ఉత్తర దేశములలో ఈ ఆచారము మొదలైనది. స్వీడను దేశము 1977లో పగలు కూడ దీపములు వెలిగించి నడుపవలెనని శాసించినది. కెనడాలో 1989 డిసెంబరు 1 తరువాత తయారైన బండ్లకు ఇవి తప్పనిసరి యైనవి. ఐరోపా సమాఖ్యలో క్రొత్త నమూనా కార్లకు, చిన్న సరకు బండ్లకు 2011 నుండి ఈ నియమము వచ్చినది. మన దేశములో 2017 ఏప్రిల్ 1 నుండి క్రొత్త మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు ఇంజనుతోపాటు వెలుగు ముందు దీపమును నిర్బంధము చేసినారు. “నీ లైటు వెలుగుచున్నది” అని దారిన పోవువారు చేతివ్రేళ్లు ముడిచి తెరచి సైగ చేయుట మీరందరు చూచియే ఉందురు. ఆ 2017 నియమము రెండు చక్రముల బండ్లకు సంబంధించినది. నాలుగు చక్రముల బండ్లలో ఈ దీపములను తయారీదారులే అమర్చి ఇచ్చుచున్నారు.

ఇక మీలో కొందరు ఈ దీపములను ఆర్పించవలెనని ఏల తలచుచున్నారో చూతము. సామాన్యముగా వినవచ్చు కారణములు మూడు: డీజిలు ఖర్చగునని, బ్యాటరీ పాడగునని, నిలిపిన చోట వెలుతురు ఇబ్బంది పెట్టునని. ఒక్కొక్క దానిని లెక్క వేసి చూడవలెను.

మొదటిది డీజిలు. పాత పద్ధతి బల్బులైనచో ఒక్కొక్కటి 21 వాట్లు, రెండింటికి 42 వాట్లు. లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి కలదు. ఇంజనులోను, ఆల్టర్నేటరులోను పోవునది పోగా సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు దక్కినను, ఆ దీపములు 35 గంటలు వెలుగును. దినమునకు నాలుగు గంటలు బండి నడిపినచో, ఒక లీటరు తొమ్మిది దినములకు వచ్చును. ఎల్.ఇ.డి. దీపములైనచో రెండును కలిపి 14 వాట్లు అనుకొన్నను, లీటరుకు నూరు గంటలు దాటును. చక్రములలో గాలి తక్కువైనచో ఇంతకు ఎన్నో రెట్లు డీజిలు వృథా యగును. కావున డీజిలు ఆదా చేయగోరు రైతు ముందుగా గాలి చూపించుకొనుట మేలు.

రెండవది బ్యాటరీ. ఇంజను తిరుగునప్పుడు దీపములకు కరెంటు ఇచ్చునది ఆల్టర్నేటరు. బ్యాటరీ మీద బరువు పడదు. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి ఉంచి, పాటలు పెట్టుకొని బేరము కుదురువరకు కూర్చున్నప్పుడే చిక్కు వచ్చును. చాల బండ్లలో ఇంజను ఆగగానే పగటి దీపములు ఆరిపోవును. కొన్నింటిలో తాళము త్రిప్పి యున్నంతసేపు వెలుగును. అట్టి బండిలో 42 వాట్ల దీపములు మూడున్నర ఆంపియర్లు లాగును. ఆరు గంటలలో 21 ఆంపియర్ గంటలు పోవును. 65 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది సుమారు మూడవ వంతు. పాతబడిన బ్యాటరీ దీనికి తట్టుకొనలేదు.

అయినను దీపమును నిందించుటకు ముందు బ్యాటరీని పరీక్షింపవలెను. రాత్రి అంతయు నిలిచి యున్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా ఉన్నదనియు, 12.2 చూపిన సగమునకు వచ్చినదనియు గ్రహింపవలెను. ఇంజను తిరుగునప్పుడు సుమారు 13.8 నుండి 14.4 వోల్టుల వరకు రావలెను. అంతకు తక్కువైనచో దోషము ఆల్టర్నేటరులోనో, బెల్టులోనో, తెల్లని పొడి పట్టిన కొనలలోనో ఉండును. ఆకు పచ్చబారినదని తెగులేదో తెలియకనే మందు చల్లు రైతు వలెనే, పరీక్ష లేక దీపమును కోయువాడును నష్టపోవును.

మూడవ కారణము మాత్రము న్యాయమైనది. పాతబస్తీ గల్లీలు ఇరుకు. ఇంజను ఆపక సరకు దింపునప్పుడు దీపపు వెలుగు హమాలీల కన్నులలోను, నిద్రించు ఇండ్ల కిటికీలలోను పడును. బక్రీదు ముందు గొఱ్ఱెలను దింపు చోట ఎదుటి బండి దీపము కన్నులలో కొట్టిన, జీవములు బెదరి అడుగు వేయవు. ఇట్టి వేళ దీపము ఆర్పగోరుట తప్పు కాదు. అయితే నిలిపినప్పుడు ఆర్పుట వేరు, నడుపునప్పుడు లేకుండ చేయుట వేరు.

ఆర్పుటకు సరియైన పద్ధతులు ఇవి:

1. బండితో వచ్చిన పుస్తకమును చూడుడు. కొన్ని మోడళ్లలో మీటల ద్వారానో, ముందు పలకలోని అమరిక ద్వారానో దీపమును ఆర్పు వీలు కలదు. చదువుకొనుచున్న మీ పిల్లలచేత ఆ పుట చదివించుకొనుడు.

2. కొన్ని బండ్లలో హ్యాండు బ్రేకు వేయగానే దీపము ఆరును. నిలిపినప్పుడు ఇదియే చాలును. కాని నడుచునప్పుడు కూడ ఆరి యుండుటకై బ్రేకును ఒక పన్ను లాగి ఉంచుట ప్రాణాంతకము. బ్రేకు వేడెక్కి, బరువుతో దిగుడు దారిన పట్టు తప్పును.

3. పై రెండును లేనిచో, కంపెనీ సర్వీసు కేంద్రమున అడుగుడు. వారి యంత్రముతో మార్చు వీలున్నచో మార్చెదరు.

4. ఫ్యూజు తీయదలచిన, అది పగటి దీపమునకు మాత్రమే చెందినదా యని పుస్తకములో నిర్ధారించుకొనవలెను. కొన్నింటిలో ఒకే ఫ్యూజు మరికొన్ని పనులకు కూడ ఉపయోగపడును. తీసిన తరువాత హెడ్‌లైటు, ఇండికేటర్లు, బ్రేకు దీపము, హారను అన్నియు పరీక్షింపవలెను. తీసిన ఫ్యూజును ఫ్యూజు పెట్టెలోనే భద్రపరుపవలెను.

చేయరాని పనులు కూడ కలవు. తీగ కత్తిరించి, కొనను చుట్టక వదలరాదు. వానకు తడిసి రాపిడి చెందిన తీగ నిప్పు పుట్టించును. ఫ్యూజు లేకుండ క్రొత్త స్విచ్చి పెట్టరాదు. దీపము మీద నల్లరంగు పూయరాదు. బండి రూపమును, అమరికలను అనుమతి లేక మార్చుట 1988 మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము కావచ్చును. 2019 సవరణ తరువాత చట్ట విరుద్ధమైన ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. తీగలు కోసిన బండి దగ్ధమైన, బీమా సంస్థ కారణము అడుగకపోదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పగటి దీపము వెలిగినంత మాత్రమున చాల బండ్లలో వెనుక ఎర్ర దీపములు వెలుగవు. ముందు వెలుతురు కనబడుటచే నడుపువాడు లైట్లు వేసితినని భ్రమపడును. వెనుక వచ్చు లారీవానికి మాత్రము చీకటిలో టమాటా పెట్టెల నల్లని గోడ తప్ప మరేమియు కనబడదు. ఎందరో కూలీలు, ఆడువారు సరకు మీద కూర్చుండి వచ్చుచుండుట మనకు తెలియును. అట్లు వచ్చుటయే ప్రమాదము. వెనుక దీపము లేని బండి మీద వచ్చుట మరింత ప్రమాదము. సూర్యాస్తమయమైన అరగంట తరువాత, వెలుతురు చాలని సమయమున ఎప్పుడైనను, నియమము ప్రకారము ముందు వెనుక దీపములు వెలుగవలెను. శీతకాలపు మంచులోను, వానలోను పగటి దీపమును నమ్ముకొనక చేతితో హెడ్‌లైటు స్విచ్చి వేయవలెను. పగటి దీపము ఆర్పించుకొన్నవాడు ఈ అలవాటును మరింత శ్రద్ధగా పాటింపవలెను. అతనికి గుర్తు చేయు దీపము ఇక ముందు వైపున కూడ ఉండదు.

కావున నా సలహా ఇది. నడుచు బండికి పగటి దీపము ఉండనిండు. దాని ఖర్చు స్వల్పము, మేలు అధికము. నిలిపినప్పుడు ఇబ్బంది యైనచో ఇంజను ఆపుడు. డీజిలు నిజముగా మిగులునది అచటనే. బయలుదేరు ముందు ఒకరిని వెనుక నిలువబెట్టి ఎర్ర దీపములు, బ్రేకు దీపము చూపించుకొనుడు. బురద పట్టిన దీపపు అద్దములను, వెనుక అంటించిన ఎర్ర మెరుపు పట్టీని గోనెగుడ్డతో తుడువుడు. టార్పాలిను అంచు వెనుక దీపము మీద వ్రేలాడకుండ కట్టుడు. రెండు నిమిషముల పని ఇది. దీనికి ఖర్చు లేదు, మెకానికు అక్కర లేదు. రేపటి సరకు బండి నుండియే దీనిని ఆరంభింపుడు.