పాలిమర్ మట్టిలో మణిపూర్ బాట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పేశారు. "రిటైరయ్యాక నా వ్యాపకం" అన్న విషయం మీద నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను బొమ్మలు చేస్తున్నాను. నవ్వకండి.

మా మనవరాలు పాలిమర్ క్లేతో చెవి జూకాలు చేసేది. పేరుకు మట్టేగాని అందులో మట్టి రవ్వంతైనా లేదు. పి.వి.సి. పొడిలో దాన్ని మెత్తగా ఉంచే ద్రవం, రంగు కలిపి తయారుచేస్తారు. మామూలు మట్టిలా గాలికి ఆరిపోదు. ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయాక ఎరుపు, పసుపు, నీలం ముక్కలు డబ్బాలో మిగిలిపోయాయి. మన తరంవాళ్ళం దారప్పోగు కూడా పారేయలేం కదా! అన్నీ కలిపి పిసికాను. చివరకు కొండదారి దుమ్ములాంటి రంగు తేలింది. అది చూడగానే మా నాన్నగారు నడిచిన దారి మనసులో మెదిలింది. నేను చూసిన దారి కాదు, విన్నదే. నేను పుట్టింది 1947లో.

నాన్నగారు రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీ. కోరంగి రేవు పేరు మీద అక్కడ మన తెలుగువాళ్ళందరినీ కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు వాళ్ళ చేతికి చిక్కింది. ఓడలో చోటు దొరికినవాళ్ళు ఓడెక్కారు, తక్కినవాళ్ళు నడిచారు. అలా నడిచినవాళ్ళు నాలుగు లక్షలకు పైమాటే. మావాళ్ళది తమూ, పాలేల్, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలు స్టేషనుకు చేరే బాట. అస్సాం తేయాకు తోటలవాళ్ళ సంఘం ఆ దారిలో శిబిరాలు పెట్టి అన్నం, టీ ఇచ్చింది. దొరలకొక దారి, మనవాళ్ళకొక దారి అన్న వివక్షను ఆ ఏడాదే కాంగ్రెసు ఖండించింది కూడా. మావాళ్ళు వాల్తేరులో దిగేసరికి, ఏప్రిల్ 6న విశాఖ మీద పడిన బాంబులకు జడిసి ఇక్కడి జనం ఊరు ఖాళీ చేస్తున్నారట!

ఇంతా నడిచొచ్చిన నాన్నగారు మాకు చెప్పింది ఒక్కటే: "దిమాపూర్‌లో టీ ఇచ్చారు."

ఆ టీ ఇచ్చే దృశ్యాన్నే రిలీఫ్‌గా చేయాలనుకున్నాను. ఆఫీసులో మనకు తెలిసిన రిలీఫ్ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చే రిలీవింగ్ ఆర్డరే. ఇది వేరు, అమరావతి పలకల మీద ఉండే ఉబ్బెత్తు బొమ్మల పద్ధతి. మా అక్కకు ఎనభై తొమ్మిదేళ్ళు, నీటికాసులతో చూపు పోయింది. ఆ దారి నడిచినవాళ్ళలో మిగిలింది తనే. రంగుల బొమ్మ తనకెందుకు? ఉబ్బెత్తు బొమ్మయితే తడిమి చూస్తుంది.

అడుగు పొడవున్న గోడ టైలు మీద మొదలుపెట్టాను. మిగులు మట్టి మరీ మెత్తగా ఉంటే తెల్లకాగితాల మధ్య ఒక రాత్రి ఉంచాలి, అదనపు నూనెను కాగితం లాగేస్తుంది. ఫిమో గట్టిది, స్కల్పీ మెత్తది. రెండూ కలిపితే వేళ్ళకు లొంగుతుంది, నిలబడుతుంది. ముందువరుస మనుషుల లోపల నలిపిన అల్యూమినియం రేకు పెట్టాను, మందం తగ్గితే లోపలిదాకా ఉడుకుతుందని. వెనక జనాన్ని వేలిగోరంత ఎత్తులో గీతల్లా వదిలేశాను.

మొదటి పలక మాడిపోయింది. మీట 130 మీద పెడితే లోపల ఎంత వేడెక్కిందో ఆ ఓవెన్‌కే తెలియాలి! పి.వి.సి. మాడితే వచ్చే పొగ మంచిది కాదు. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచి, వంటింటి ఓవెన్ జోలికి మళ్ళీ రావద్దంది. న్యాయమే. ఈ పనికి వేరే ఓవెన్, లోపల పెట్టే థర్మామీటరు కొనుక్కున్నాను.

రెండోది కుదిరింది. పెద్ద గుండిగ, గరిటెతో టీ పోసే మనిషి, లోటా పట్టుకుని రెండు చేతులూ చాచిన నాన్న, పక్కన అమ్మ, అమ్మ చెంగు పట్టుకున్న ఏడేళ్ళ అక్క. గర్వంగానే పట్టుకెళ్ళి అక్క ఒడిలో పెట్టాను. గుండిగ తడిమి నవ్వింది. నాన్న చేతుల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"ఇదేట్రా? లోటా అమ్మ పట్టుకుంది. నాన చేతులు కాళీగా ఉంటే కదరా చాపడానికి."

"ఏముంది అక్కా, చేతుల్లో?"

"తమ్ముడు. ముందురోజు రాత్రే పోయాడు. కలరా అని తెలిస్తే మనల్ని విడదీస్తారని, టీ తాగిందాకా కిందికి దించలేదు."

నాకో అన్న ఉండేవాడని డెబ్భై ఏడేళ్ళు వచ్చాక తెలిసింది. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

కాలిన పాలిమర్ మట్టిని కోయవచ్చు, మీద పచ్చిమట్టి వేసి మళ్ళీ కాల్చవచ్చు. మొండిగోడకు కొత్త ఇటుక పెట్టినట్టే. నాన్న ముంజేతులు బ్లేడుతో కోసేటప్పుడు మాత్రం కాసేపు పని ఆపేశాను. లోటాను అమ్మ చేతికిచ్చాను. నాన్న మోచేతులు గుండెకేసి మడిచి, మధ్యలో గుడ్డలో చుట్టిన మూట పెట్టాను. మరో అరగంట కాల్చి, చల్లారాక తీసుకెళ్ళాను.

అక్క ఆ మూటమీద చాలాసేపు వేళ్ళుంచింది. తర్వాత అంది: "ఇంకాస్త చిన్నోడురా."

అది ఇంకా సరిచేయలేదు. పలక తెచ్చాను, గుమ్మం పక్క బల్లమీద ఉంది. కాఫీకి వెళ్ళేటప్పుడు తాకి చూడండి, ఏమీ కాదు. ఎవరింట్లోనైనా రంగూన్ నుంచి నడిచొచ్చిన పెద్దలుంటే నాతో ఒక్కమాట చెప్పండి. గుండిగ పక్కన ఇంకా జాగా ఉంది.