"వీడే!" అనే ముందు



మామిడికాయల రోజుల్లో చింతలపూడి వైపు వెళ్ళినవారికి తెలుసు, తోటల మధ్య రోడ్డుమీద ఎంత తొందరగా చీకటి పడుతుందో. ఒక ఏడు మా పిన్ని తోటనుంచి నడిచి వస్తూంటే, మోటారు సైకిలుమీద ఇద్దరు వచ్చి, దారి అడిగినట్టే అడిగి మెళ్ళో నానుతాడు తెంపుకు పోయారు. నాలుగు కాసుల బంగారం. రెప్పపాటులో అయిపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత పోలీసు ఠాణానుంచి కబురొచ్చింది. ఏ ఠాణా అన్నది అనవసరం. అక్కడ బల్లమీద ఒక్క కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. తోటల్లో కాయలు కోసే కూలీ. "వీడేనా అమ్మా?" అన్నారు. "వీడే" అంది పిన్ని. ఆ ఒక్క మాటమీద అతను మూడు నెలలు జైల్లో ఉన్నాడు. నానుతాడు దొరకలేదు. కోర్టులో కేసు నిలవలేదు. ఊరంతా "దొంగ తప్పించుకున్నాడు" అనుకున్నారు. పిన్ని మాత్రం ఒకనాడు వంటింట్లో నాతో మెల్లిగా అంది: "కళ్ళు మూసుకుంటే నాకు కనబడేది ఆ బల్లమీద మొహమేనే. రోడ్డుమీద మొహం ఎంత తలుచుకున్నా రావటంలేదు."

పిన్ని అబద్ధం ఆడలేదు. మసక చీకట్లో, ప్రాణభయంలో చూసిన మొహం మనసులో సరిగా పడదు. ఆ ఖాళీలోకి తర్వాత చూసిన మొహం వచ్చి కూర్చుంటుంది. నమ్మకంగా చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు.

ఒక్కరు కాదు, పదిమంది చెప్పినా పొరబాటు కావచ్చు. లండనులో ఒక మోసగాడు ఆడవాళ్ళను మాటల్లో పెట్టి ఉంగరాలూ నగలూ పట్టుకుపోయేవాడు. 1896లో ఆ నేరం అడాల్ఫ్ బెక్ అనే ఆయనమీద పడింది. ఎందరో స్త్రీలు "ఇతనే" అన్నారు. ఏడేళ్ళ శిక్ష పడింది. 1904లో మళ్ళీ అదే నింద పడింది. ఆ ఏడాదే అసలు మనిషి పట్టుబడ్డాడు. ఆ ఉదంతంవల్లనే 1907లో ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పాటుకు చట్టం వచ్చింది.

మన దగ్గర ఇందుకే గుర్తింపు పరేడ్ ఉంది. మేజిస్ట్రేటు సమక్షంలో, ఇంచుమించు అదే వయసూ అదే పోలికా ఉన్న పలువురి మధ్య నిందితుణ్ణి నిలబెట్టి, సాక్షిని గుర్తుపట్టమంటారు. చిన్నరసాల బుట్టలో ఒకే ఒక్క కలెక్టరు కాయ పెట్టి "తీయండి" అంటే అది పరీక్ష అవుతుందా? అన్నీ రసాలే ఉండాలి. పట్టుబడినవాళ్ళకు ముసుగులు వేసి ఫొటోలు తీయించటం చూసే ఉంటారు. సాక్షులు పరేడుకు ముందే ఆ మొహం చూడకూడదని!

పరేడే రుజువు కాదు. కోర్టులో చెప్పిన సాక్ష్యానికి అది బలం. ముక్కూ మొహం తెలియని మనిషిని, పరేడ్ లేకుండా, మొదటిసారి కోర్టులోనే చూపిస్తే ఆ గుర్తింపుకు విలువ లేదని 1979లో కేరళనుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు అన్నది. పరేడ్ లేనంత మాత్రాన ప్రతి సాక్ష్యమూ పనికిరాకుండా పోదని తర్వాతి తీర్పులు చెప్పాయి. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా, పరేడ్ అవసరం పోలేదు.

మరి మనం చేయవలసిందేమిటి? అలాంటిది జరిగితే, నలుగురితో చర్చించకముందే, ఎత్తు, బట్టలు, మాట యాస, బండి రంగు, చూసింది చూసినట్టు కాగితంమీద పెట్టండి. మొదటి ఫిర్యాదులోనే చెప్పండి. ఒక్కణ్ణే చూపిస్తే "పరేడ్ పెట్టించండి" అనండి. అనుమానంగా ఉంటే "చెప్పలేను" అనటం తప్పు కాదు. నగల రసీదులు దాచుకోండి. తూకం, అతుకు వేయించిన చోటు గుర్తుంచుకోండి. పోయిన సొమ్ము కొద్దిరోజుల్లోనే ఒకరి దగ్గర దొరికి, అది తన దగ్గరకెలా వచ్చిందో అతను చెప్పుకోలేకపోతే, అతను దొంగ అనో, దొంగసొత్తని తెలిసే పుచ్చుకున్నాడనో కోర్టు ఊహించవచ్చు. మసక వెలుతుర్లో చూసిన మొహం కన్నా అది గట్టి ఆధారం.

మనిషిని పొరబాటున చూపిస్తే నానుతాడు తిరిగిరాదు, అసలు దొంగా దొరకడు. పైగా ఏ పాపమూ ఎరుగని ఒక తల్లి తన కొడుకు కోసం జైలు గుమ్మం ముందు నిలబడుతుంది. "వీడే" అనే ముందు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకుందాం.