వికెట్టు వెనుక, వికెట్టు ముందు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

సాహిత్య సంగీతములకు నెలవైన ఈ వేదికపై క్రికెట్టును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. టెస్టు క్రికెట్టులో వికెట్‌కీపర్ బ్యాట్స్‌మన్‌లలో శ్రేష్ఠుడెవ్వడు అనునది నేటి విషయము. మన కార్యాలయములలో తమ సీటు పనితోపాటు మరియొక సీటు భారమును మోయువారు పలువురు గలరు. రెండవ సీటు పని ఎంత చక్కగా చేసినను, మొదటి సీటులో ఒక ఫైలు తప్పిపోయినచో ఎవ్వరును క్షమింపరు. వికెట్‌కీపరు స్థితియు అట్టిదే. కావున ఈ విషయము మీకు పరాయిది కాదు.

ముందుగా ఆ భారమెట్టిదో చూతము. టెస్టు మ్యాచిలో దినమునకు 90 ఓవర్లు, అనగా 540 బంతులు. ప్రతి బంతికిని కీపరు గొంతుకూర్చుండి లేవవలెను. బ్యాట్స్‌మన్ విడిచిన బంతిని అతడు విడువరాదు. ఒక్కొక్కప్పుడు దినమున్నర ఇట్లు శ్రమించి, వ్రేళ్లు నొచ్చుచుండగా, వెంటనే బ్యాటు పట్టి పోవలెను. అందుచేత వీరిని పోల్చునప్పుడు గ్లవ్సు ధరించిన మ్యాచిలలో చేసిన పరుగులకే ప్రాధాన్యమీయవలెనని నా మనవి.

ఈ నియమము పెట్టినచో కొందరు మహామహులు ప్రక్కకు తొలగుదురు. శ్రీలంకకు చెందిన కుమార సంగక్కర 134 టెస్టులలో 12,400 పరుగులు చేసెను. కీపరుగా ఆడిన 48 టెస్టులలో అతని సగటు సుమారు 40. గ్లవ్సు లేని మ్యాచిలలో 66 దాటెను. వయస్సు, అనుభవము కూడ ఇందుకు కారణములు కావచ్చును గాని, గ్లవ్సు బరువెంతయో ఈ అంకెలు చెప్పకయే చెప్పుచున్నవి. వెస్టిండీసు వీరుడు క్లైడ్ వాల్కాట్ 1950లో లార్డ్స్ మైదానమున కీపరుగా ఉండి 168 పరుగులతో అజేయుడై నిలిచెను. అయినను ఒకే సిరీసులో ఐదు సెంచరీలు చేసిన 1955 నాటికి అతడు కీపింగును విడిచియుండెను.

ఇంగ్లండు ఆటగాడు లెస్ ఏమ్స్ ఈ మార్గమునకు ఆద్యుడు. 1929 మొదలు 1939 వరకు 47 టెస్టులలో 40.56 సగటుతో 8 సెంచరీలు చేసెను. ఫస్ట్‌క్లాసు క్రికెట్టులో అతడు చేసిన 418 స్టంపింగులు ఎవ్వరును అందుకొనని సంఖ్య. తరువాతివాడగు అలన్ నాట్ 95 టెస్టులలో 4,389 పరుగులు చేసి, 269 మందిని అవుటు చేసెను. నాట్ ఉన్నంతకాలము, కీపింగులో ఆతనికి దీటైన బాబ్ టేలర్ ఒక్క టెస్టు మాత్రమే ఆడి, 1977 వరకు వేచియుండవలసి వచ్చెను. ఇరువురి కీపింగును సమముగా తూచినను, తక్కెడను మొగ్గునట్లు చేసినది నాట్ బ్యాటు.

మన దేశము వంతు చూతము. 1964లో మద్రాసులో బుధి కుందరన్ ఇంగ్లండుపై 192 పరుగులు చేసెను. 1967లో అదే నగరమున ఫరూక్ ఇంజనీర్ వెస్టిండీసు వేగపు బౌలర్లను ఎదిరించి భోజన విరామమునకు ముందే 94 పరుగులు కొట్టెను. భారత కీపర్లలో కుందరన్ నెలకొల్పిన రికార్డు 2013లో మరల ఆ నగరముననే మహేంద్ర సింగ్ ధోనీ చేసిన 224 పరుగులతో చెదరెను. కుందరన్ రైల్వే జట్టు ఆటగాడు. ధోనీ ఖరగ్‌పూరులో రైల్వే టిక్కెట్లు తనిఖీ చేసినవాడు. కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనము ఈ సంగతి చెప్పుకొని కొంచెము గర్వించినను తప్పులేదు. ధోనీ 60 టెస్టులలో నాయకత్వపు భారమును గూడ మోసెను.

ఇక మిగిలినవారు ఇద్దరు. జింబాబ్వేకు చెందిన ఆండీ ఫ్లవర్ కీపరుగా ఆడిన 55 టెస్టులలో సగటు 53 దాటెను. 2000లో నాగపూరులో ఫాలో ఆన్ ఆడుచు అజేయముగా 232 పరుగులు చేసి జట్టును గట్టెక్కించెను. 2001లో హరారేలో దక్షిణాఫ్రికా 3 వికెట్లకు 600 పరుగులు చేయువరకు వికెట్ల వెనుక నిలిచి, పిమ్మట 142, 199 నాటౌట్ చేసెను. అయినను జట్టు ఓడెను. కీపరై యుండి ఒకే టెస్టులో రెండు సెంచరీలు చేసిన రెండవవాడు మన రిషభ్ పంత్. అది 2025లో లీడ్స్‌లో. అప్పుడును జట్టు ఓడెను!

ఆస్ట్రేలియా ఆటగాడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ 96 టెస్టులలో 47.60 సగటుతో 17 సెంచరీలు చేసి, 416 మందిని అవుటు చేసెను. అతనికి ముందు బ్యాటింగు చేసినవారు గొప్పవారు కనుక పని సులభమని కొందరందురు. కాని 1999లో హోబర్టులో, తన రెండవ టెస్టులోనే, 369 లక్ష్యమునకు 126 పరుగులకే 5 వికెట్లు పడినప్పుడు వచ్చి, 149 నాటౌట్‌తో గెలిపించినవాడు ఇతడే. ఒంటరి పోరాటమునకు ఫ్లవర్, కేవల కీపింగునకు నాట్. రెండు తట్టలను సమముగా నిలిపినవాడు గిల్‌క్రిస్ట్. నా ఓటు అతనికే.

అయితే ఆతని గొప్పతనము వలన ఒక చిక్కు కలిగినది. ప్రతి దేశమును తనకొక గిల్‌క్రిస్ట్ కావలెనని కోరసాగెను. 1971లో మన జట్టు వెస్టిండీసులో తొలిసారి సిరీసు గెలిచినప్పుడు ఐదు టెస్టులలోను కీపరు హైదరాబాదు వాడగు పోచయ్య కృష్ణమూర్తి. అతని మొత్తము పరుగులు ఏబదికి లోపే. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల బంతులను పట్టుటే అతని పని. దానితోనే ఐదు టెస్టులును ఆడెను. 2024 ఫిబ్రవరిలో మన విశాఖపట్టణపు కోన శ్రీకర్ భరత్ సొంత ఊరిలో టెస్టు ఆడి, పరుగులు చాలక, తరువాతి టెస్టులో స్థానము కోల్పోయెను. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి కీపరు ఇతడే. ఆతని స్థానమున వచ్చిన ధ్రువ్ జురేల్ రాంచీలో 90, 39 నాటౌట్ చేసి ఎంపికను సార్థకము చేసెను. కనుక ఇందు అన్యాయము జరిగెనని నేననను.

నా మనవి ఒక్కటే. పట్టిన క్యాచి లెక్కకు వచ్చును. పట్టని క్యాచి ఖరీదు ఏ పట్టికలోను కనబడదు. ఒక క్యాచి జారి ప్రత్యర్థి మరి నూరు పరుగులు చేసినచో, కీపరు బ్యాటుతో చేసిన ఏబది పరుగులు ఆ అప్పును తీర్చజాలవు. కీపర్లను పోల్చునప్పుడు బ్యాటును మెచ్చుకొందము గాని, మొదటి సీటు పనిని మరువకుందము.